మాంచెస్టర్‌లో కొత్తగా షిఫ్ట్ లీడ్ అయ్యా, మేనేజర్ రోజూ సైకిళ్ళ కథ చెప్తున్నాడు, ఏం చెయ్యాలి?

మధురవాడ_కొత్తోడు:
అన్నలూ అక్కలూ నమస్తే. వైజాగ్ నుంచి ఎమ్మెస్సీకి వచ్చా, చదువయ్యాక మాంచెస్టర్ దగ్గర ఒక గోడౌన్‌లో చేరా, మొన్ననే ప్యాకింగ్ లైన్‌కి షిఫ్ట్ లీడ్ చేసారు. 11 మంది, అందరూ నాకంటే సీనియర్లే. మేనేజర్ పొద్దున్నే బోర్డు దగ్గర నిలబెట్టి బ్రిటిష్ సైక్లింగ్ టీమ్ కథ చెప్తాడు, వాళ్ళలాగే మనమూ ప్రతిదాంట్లో 1 శాతం బాగుచెయ్యాలంటాడు, వారానికి 3 ఐడియాలు తెమ్మంటాడు. టీమేమో నోరు విప్పరు. బోర్డు నిండా అంతా బాగుందని చెప్పే గ్రీన్ మాగ్నెట్లే, సాయంత్రం చూస్తే లోడ్ లేటు.

సీతమ్మధార_అక్క:
అవన్నీ తర్వాత బాబూ, ముందు ఇల్లు తీసుకున్నావా? డిపాజిట్ ఎంతిచ్చావు? మామూలు ఇళ్ళకి 5 వారాల అద్దె కంటే ఎక్కువ తీసుకోకూడదు, 30 రోజుల్లో ఓనర్ దాన్ని డిపాజిట్లు కాపాడే స్కీమ్‌లో పెట్టి నీకు కాగితాలివ్వాలి, గుర్తుంచుకో. మేం 2021లో ఇల్లు ఖాళీ చేస్తే ఓనర్ ఏమన్నాడో తెలుసా, మా పోపులకి స్టవ్ నల్లబడిందట, కార్పెట్ మీద పసుపు మరకట, 640 పౌండ్లు పట్టుకుంటానన్నాడు. మా ఆయన ఫోన్లో గొంతు చించుకున్నారు, ఏం లాభం. నేను దిగిన రోజే 43 ఫోటోలు తీసి నాకు నేనే మెయిల్ చేసుకున్నా, ఆ మరక 17వ ఫోటోలో సోఫా కింద అప్పటికే ఉంది! స్కీమ్ వాళ్ళకి పంపితే ఓవెన్ కడిగించినందుకు 35 పోయాయి, మిగతాదంతా వచ్చేసింది. నువ్వూ అంతే, లైన్ ఇవాళ ఎలా ఉందో రాసిపెట్టుకోకపోతే బాగుపడిందని రేపు మేనేజర్‌కి ఏం చూపిస్తావు?

గాజువాక_బావ:
తమ్ముడూ, మన దగ్గర జరిగింది చెప్తా విను. 2019 సెప్టెంబరు ఆఖర్లో సౌతాఫ్రికాతో విజయనగరంలో ప్రాక్టీస్ మ్యాచ్. రోహిత్ శర్మని టెస్టుల్లో ఓపెనర్ చేద్దామని అక్కడ దింపితే 2 బాల్స్ ఆడి సున్నాకి ఔట్. మా పిన్ని కొడుకు చూడ్డానికెళ్ళి బస్సు డబ్బులు దండగని తిట్టుకుంటూ వచ్చాడు. ఆఫీసైతే మర్నాడే వేరేవాణ్ణి పెట్టీసేవారు. వీళ్ళు మార్చలేదు. వారం తిరక్కుండా మీ మధురవాడ పక్కనే, పీఎం పాలెం స్టేడియంలో 176, రెండో ఇన్నింగ్స్‌లో 127. నువ్వు స్కానర్ మీద కొత్తగా పెట్టినవాడు మొదటి రోజు 2 లేబుళ్ళు తప్పేసాడనుకో, వెనక్కి తొయ్యకు. 2 వారాలు ఇక్కడే ఉంటాడని అందరి ముందూ చెప్పు, ఆ మాట వింటే వాడి చేతి వణుకు సగం తగ్గుద్ది.

ఇంకోటి, ఐడియాలు నువ్వు తేకు. అంపైర్ నిర్ణయం మీద రివ్యూ అడగడానికి కెప్టెన్‌కి 15 సెకన్లుంటాయి, కవర్స్‌లో నిలబడ్డాయన ఎవరి మొహం చూస్తాడు? కీపర్ మొహం. మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో క్వాలిటీ సర్కిల్‌లో, అంటే పనివాళ్ళే కూర్చుని పని బాగుచేసుకునే గుంపులో ఉండేవారు, చేతికి గ్రీజు అంటినోడు మాట్లాడాకే సూపర్‌వైజర్ నోరు తెరవాలని వాళ్ళలో వాళ్ళకో రూలు.

బీచ్‌రోడ్_పెద్దాయన:
మీ మేనేజర్ చెప్పేది అబద్ధం కాదు బాబూ, సగమే చెప్తున్నాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో సైక్లింగ్ ట్రాక్ మీద 10 గోల్డ్స్ ఉంటే 7 ఆ బ్రిటిష్ టీమే కొట్టింది. ఆ టీమ్‌ని నడిపిన బ్రెయిల్స్‌ఫర్డ్ చేసిన పనుల్లో, నిద్ర బాగా పట్టాలని ఆటగాళ్ళ దిండ్లు వెంట మోసుకెళ్ళడమే అందరికీ గుర్తుంటాది. దానికి పదేళ్ళ ముందునుంచే బ్రిటన్ జాతీయ లాటరీ డబ్బులొస్తున్నాయి, 1994లో తెరిచిన వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందేల ట్రాక్, మీ మాంచెస్టర్‌లోనే ఉంది, సెలవు రోజు వెళ్ళి చూసిరా. ముందు ట్రాకూ కోచ్‌లూ జీతాలూ, ఆ తర్వాతే దిండు. మీ దగ్గర టేపు గన్నులు పనిచేస్తున్నాయో లేదో చూసావా అసలు? ఇదే బ్రెయిల్స్‌ఫర్డ్ నడిపిన టీమ్ స్కై అనే ఇంకో సైకిల్ టీమ్ మందుల విషయంలో నైతికంగా గీత దాటిందని 2018లో బ్రిటన్ పార్లమెంటు కమిటీ రాసింది, టీమ్ కాదందనుకో, అది మాత్రం బోర్డు దగ్గర ఎవరూ చెప్పరు.

వాళ్ళ పనుల్లో నాకు నచ్చింది ఒకటే, మెకానిక్‌ల ట్రక్కు నేలకి తెల్ల రంగేయించారు, దుమ్ము కనబడ్డానికి. కనబడింది కదాని మెకానిక్‌ని తిడితే వాడు మర్నాడు దానిమీద పట్టా పరిచేస్తాడు. మీ బోర్డు మీద రెడ్ పెట్టినవాడికి ఇంతకుముందు ఏమైందో కనుక్కో, గ్రీన్‌లన్నీ ఎక్కణ్ణుంచొచ్చాయో తెలిసిపోద్ది.

గాజువాక_బావ:
పెద్దాయనా మీకు అంతా డబ్బే. 2005 ఏప్రిల్ 5న ధోనీకి ఎవరిచ్చారు లాటరీ? కొచ్చిలో 3 పరుగులే కొట్టినవాణ్ణి గంగూలీ వైజాగ్‌లో వన్‌డౌన్ పంపాడు, 123 బాల్స్‌లో 148.

బీచ్‌రోడ్_పెద్దాయన:
ఆ రోజు నేను స్టేడియంలోనే ఉన్నా, తలకి తువ్వాలు చుట్టుకుని. అది ఇంప్రూవ్‌మెంట్ కాదు బాబూ, జూదం. అలా పైకి పంపితే 5కి ఔటైనవాళ్ళ లిస్టు ఎవడు రాసాడు?

గాజువాక_బావ:
ఓడితే పోయేది ఒక్క వన్డే. అది లెక్కేసుకునే పంపాడు. మీరు ముందు మజ్జిగ తాగండి.

మధురవాడ_కొత్తోడు:
టేపు గన్నులు లెక్కపెట్టా, 9లో 4 పనిచెయ్యవు. మా లైన్‌లో రొమేనియా ఆయన ఈరోజే నోరు విప్పాడు, 3 వారాలుగా టేపు తాళంచెవితో కోస్తున్నాట. జనవరిలో రెడ్ పెట్టిన అమ్మాయిని పాత లీడ్ అందరి ముందూ 10 నిమిషాలు నిలబెట్టి అడిగాట్ట, అప్పట్నుంచీ గ్రీనే. రేపు మొదటి రెడ్ నా పేరు మీద నేనే పెడతా, మేనేజర్ ఏమంటాడో వచ్చి రాస్తా.

సీతమ్మధార_అక్క:
ఆ పనిచెయ్యని గన్నులకి ఫోటో తీసావా?