ఆరు హాప్‌ల సెన్సర్ నెట్‌వర్క్: రీట్రైలు పెంచాలా, గేట్‌వే నుంచి అక్ తెప్పించాలా?

మామిడితోట_నోడు: 2.4 గిగాహెర్ట్జ్ 802.15.4 (తక్కువ కరెంటుతో నడిచే రేడియో ప్రమాణం) రేడియోలు, 24 నోడ్లు (సెన్సర్ పెట్టెలు), 15 నిమిషాలకోసారి నేల తేమ రీడింగ్. గేట్‌వేకి (రీడింగ్‌లన్నీ చేరే పెట్టె) ఆరు హాప్‌ల అవతల, అంటే ఆరుసార్లు రేడియో నుంచి రేడియోకి దాటాల్సినంత దూరంలో ఉన్నవాటి నుంచి నూటికి 80 కూడా రావట్లేదు. రీట్రైలు (హాప్ రసీదు రాకపోతే మళ్లీ పంపడం) 3 ఉన్నాయి, 7 చేయనా? లేక గేట్‌వే నుంచి అక్ (చేరిందన్న రసీదు) తెప్పించనా?

రీట్రై_రాజు: గేట్‌వే అక్ జోలికి పోకండి. హాప్‌కి 90 శాతం చొప్పున రీట్రై లేకుండా ఆరు దాటితే మిగిలేది 53. అక్ వెనక్కి రావాలంటే మళ్లీ అంతే, రానుపోను 28. అదే హాప్‌కి 3 రీట్రైలుంటే 99.94.

క్యూ_కాపలా: రీట్రైలు తీసెయ్యమని ఎవరన్నారు? మీ 99.94 నిజమైతే ఈయనకి 80 ఎందుకొస్తోంది? ప్రయత్నాల మధ్య ఎడం కొద్ది మిల్లీసెకన్లే. ఆ కాసేపు పక్కన వైఫై గోల చేస్తే నాలుగూ పోతాయి. ఇంకోటి, ఆటో అక్ పెడితే ప్రతి హాప్‌లో రసీదు ఇచ్చేది రేడియో చిప్, మీ కోడ్ కాదు. సీఆర్‌సీ (పాకెట్ చెడలేదని చూసే లెక్క) సరిపోగానే చిప్ అక్ కొట్టేస్తుంది. తర్వాత బఫర్ (పాకెట్లు క్యూలో ఆగే చోటు) ఖాళీ లేకపోతే కోడ్ ఆ పాకెట్‌ని పారేస్తుంది. రిజిస్టర్ పోస్టుకి సంతకం పెట్టి ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేసినట్టు. పంపిన నోడేమో చేరిందనుకుని తన కాపీ చెరిపేస్తుంది.

గట్టుమీద: ఛానల్ 26 చూశారా? వైఫై 1, 6, 11 ఏదున్నా దానికి తగలదు. కొన్ని మాడ్యూళ్లు 26లో పవర్ తగ్గిస్తాయి, డేటాషీట్ చూసుకోండి.

రీట్రై_రాజు: పోయిన థ్రెడ్‌లోనూ ఇదే పాట, ఎవరేమడిగినా క్యూ, క్యూ! అక్‌లన్నీ వెనక్కి నడిస్తే గేట్‌వే పక్క నోడ్ బ్యాటరీ ముందు చస్తుంది. మీరొచ్చి మారుస్తారా?

క్యూ_కాపలా: ప్రతి పాకెట్‌కీ అక్ అని నేనెక్కడన్నాను? చదివి రాయండి. సీక్వెన్స్ నంబరు పెట్టి, గేట్‌వే లోటు కనిపించినవే అడగాలి. నోడ్ చివరి 32 రీడింగ్‌లు ఫ్లాష్‌లో ఉంచుకుంటే 8 గంటలకి సరిపోతుంది.

రీట్రై_రాజు: ఎనిమిది గంటల పాత తేమ ఏం చేసుకుంటారు? పావుగంటలో కొత్తది వస్తుంది. పోతే పోనీ!

క్యూ_కాపలా: వాల్వ్ మూసే కమాండ్ పోతే? అదీ పోనిస్తారా?

రీట్రై_రాజు: ఆయన వాల్వ్ ఊసెత్తారా?

మామిడితోట_నోడు: వాల్వులు వచ్చే నెల పెడదామనుకుంటున్నా. ప్రస్తుతానికి రీడింగ్‌లే.

గట్టుమీద: అదీ సంగతి. ఒకరిది రేపటి వాల్వ్, ఇంకొకరిది ఇవాళ్టి రీడింగ్. ముందు ప్రతి నోడ్‌లో రెండు కౌంటర్లు పెట్టండి: అక్ రాక వదిలేసినవి, బఫర్ లేక పారేసినవి.

మామిడితోట_నోడు: పెట్టా. గేట్‌వే పక్క నోడ్‌లో ఒక్కరోజుకి అక్ రానివి 9, బఫర్ లేక పారేసినవి 411. బఫర్లు 8. నోడ్లన్నీ ఒకే క్షణంలో లేచి పంపుతున్నాయి.

క్యూ_కాపలా: నోడ్ నంబరుని 20తో గుణించి అన్ని సెకన్లు ఆలస్యంగా పంపించండి. చివరిది 8 నిమిషాలకి పంపుతుంది.

రీట్రై_రాజు: చూశారా, గేట్‌వే అక్ లేకుండానే తేలింది.

క్యూ_కాపలా: 7 రీట్రైలు లేకుండా కూడా.