పద్నాలుగేళ్ల పాపకు మొదటి టేక్‌డౌన్ రికర్వ్: చెక్క విల్లా, ఐఎల్‌ఎఫ్ విల్లా?

గుంటూరువాసి:
అందరికీ నమస్కారం. మా పాపకు 14 ఏళ్లు. వేసవి శిక్షణలో ఆర్చరీ మొదలుపెట్టింది, ఇప్పటికీ మానకుండా వెళ్తోంది. ఇక సొంత విల్లు ఉంటే మంచిదని కోచ్ గారు అన్నారు. బాణాలతో సహా ఇరవై వేలు దాటితే నావల్ల కాదు. షాపులో 62 అంగుళాల చెక్క టేక్‌డౌన్ రికర్వ్ (భాగాలు విప్పి బిగించే, కొసలు ముందుకు వంగిన విల్లు), లాగడానికి 30 పౌండ్ల బలం పట్టేది చూపించి, ఎదిగే పిల్ల కాబట్టి రెండేళ్లు వాడుకోవచ్చన్నారు. తెలిసిన ఒకాయన మాత్రం ఏ కంపెనీ భాగాలైనా అమరే ఐఎల్‌ఎఫ్ విల్లు తప్ప ఏదీ కొనొద్దంటున్నారు. పాప ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, డ్రా లెంగ్త్ (నారిని లాగే దూరం) 25 అంగుళాలు. ఏది కొనమంటారు?

పాతవిలుకాడు:
చెక్కదే కొనండి. చేత్తో పట్టుకునే మధ్య భాగమైన రైజర్‌కు రెండు బోల్టులతో పైనా కిందా వంగే లింబ్స్ బిగిస్తే విల్లు తయారు, విప్పితే ఒక సంచిలో పడుతుంది. చెడిపోయేందుకు అందులో పెద్దగా ఏమీ లేదు. ఈ వయసులో పిల్లలకు పదో తరగతి రాగానే ఆట ఆగిపోవడం ఎన్నోసార్లు చూశాను. ఖరీదైన రైజర్ అటక మీద పడి ఉంటే తల్లిదండ్రుల మనసుకు కష్టం. మిగిలిన డబ్బుతో మంచి బాణాలు కొనండి.

రైజర్25:
అన్నా, ఆ సలహాతో నేను ఏకీభవించను. ఐఎల్‌ఎఫ్ అంటే లింబ్ రైజర్‌లో అమరే పద్ధతికి ఒక ప్రమాణం. కొరియా కంపెనీ రైజర్‌కు ఇటలీ లింబ్స్ పెట్టుకోవచ్చు, క్లబ్బులో ఎవరి దగ్గరో ఉన్న పాత లింబ్స్ తక్కువకు కొనుక్కోవచ్చు. లింబ్ బోల్టులు తిప్పి పౌండేజ్‌ను, అంటే లాగే బరువును, పది శాతం దాకా సర్దుకోవచ్చు. చెక్క టేక్‌డౌన్‌కు చాలావరకు ఆ మోడల్‌కు తయారైన లింబ్సే వెతుక్కోవాలి. రెండేళ్లలో పాప మూడుసార్లు లింబ్స్ మార్చాల్సి రావచ్చు, అసలు ఖర్చు అక్కడే. రైజర్ ఒక్కసారి కొనేది.

పాతవిలుకాడు:
ఇరవై వేలలో కొత్త ఐఎల్‌ఎఫ్ రైజర్, లింబ్స్, బాణాలు, వేళ్లకు పెట్టుకునే ట్యాబ్, నారి ఎక్కించే స్ట్రింగర్ అన్నీ వస్తాయా తమ్ముడూ? వస్తే ఆ రైజర్ పోత పోసిన అల్యూమినియందే అయి ఉంటుంది. వాటిలో కొన్నిటికి లింబ్స్ దూరే పాకెట్లు వంకరగా ఉంటాయి. స్ట్రింగ్ కట్టి వెనక నుంచి చూస్తే రెండు లింబ్స్ మధ్యగా రాదు. అలాంటి ఐఎల్‌ఎఫ్ కంటే తిన్నగా ఉన్న చెక్క విల్లు వెయ్యి రెట్లు నయం.

రైజర్25:
అది నిజమే. అందుకే కొత్తది కొనమని నేను అనను, క్లబ్బులో పాతది అడగమంటాను. సీనియర్లు లింబ్స్ మార్చినప్పుడల్లా చిన్న పౌండేజ్‌వి ఖాళీగా పడి ఉంటాయి.

వెదురువిల్లు:
మీరిద్దరూ ఆ 30 పౌండ్ల సంగతి వదిలేశారు. నాకు కంగారుగా ఉన్నది దాని గురించే. లింబ్ మీద రాసే అంకె 28 అంగుళాలు లాగినప్పటి బరువు. అంగుళానికి సుమారు రెండు పౌండ్లు తగ్గుతుంది కాబట్టి 25 అంగుళాల దగ్గర పాప వేళ్ల మీద పడేది 24 పౌండ్ల చిల్లర. చూడ్డానికి తక్కువే. కానీ రోజూ వంద బాణాలు వేసే పిల్లకు చివరి ముప్పై బాణాల్లో భుజం పైకి లేస్తుంది, యాంకర్ (గడ్డం దగ్గర చెయ్యి ఆనే చోటు) దాకా లాగలేక ముందే వదిలేస్తుంది. ఆ అలవాటు పోగొట్టడం కోచ్‌కు కూడా కష్టం. ఎదిగాక వాడుకోవచ్చని పెద్ద సైజు చెప్పులు కొన్నట్టు పౌండేజ్ కొనకూడదు. 18 లేదా 20 రాసి ఉన్న లింబ్స్‌తో మొదలుపెట్టండి. కొన్ని చెక్క మోడళ్లలో 25 పౌండ్ల కంటే తక్కువవి తయారే చేయరు, అది ముందే అడగండి.

ఇంకో మాట. అసలు టేక్‌డౌనే ఎందుకని నా ప్రశ్న. మన ఇండియన్ రౌండ్ పోటీలు వెదురు విల్లుతో 30, 50 మీటర్లకు జరుగుతాయి. ఒలింపిక్స్ ఆడిన దీపికా కుమారి చిన్నప్పుడు రాంచీ దగ్గర ఇంట్లో చేసుకున్న వెదురు విల్లుతో మొదలుపెట్టి, అకాడమీలో చేరాకే పెద్ద పరికరాలు పట్టుకుంది.

రైజర్25:
పౌండేజ్ విషయంలో మీతో వంద శాతం ఒప్పుకుంటాను. వెదురు విషయంలో మాత్రం కోచ్ ఏది నేర్పుతున్నారన్నదే ముఖ్యం. పాప గురి చూసే సైట్ పెట్టి రికర్వ్ వేస్తుంటే ఇప్పుడు వెదురుకు మార్చడం దండగ. ఒలింపిక్స్‌లో రికర్వ్ 70 మీటర్లు. బెజవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ పారిస్‌లో అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది ఈ విల్లుతోనే. పాప కల ఏమిటో ఆమెనే అడగండి.

నారిమోత:
అందరూ రైజర్ దగ్గరే ఆగారు. 62 అంగుళాల పొడవు సంగతేంటి? విల్లు పొట్టిగా ఉంటే పూర్తిగా లాగినప్పుడు స్ట్రింగ్ కోణం ఇరుకై వేళ్లను నొక్కుతుంది. 25 డ్రాకు 62 ఇప్పుడు సరిపోవచ్చు, 27కు చేరాక ఇబ్బందే. ఐఎల్‌ఎఫ్‌లో 23 అంగుళాల రైజర్‌కు షార్ట్ లింబ్స్ పెడితే 64, మీడియం పెడితే 66 అవుతుంది. ఆమెకు అది సరైన కొలత. ఒక జాగ్రత్త: సాధారణంగా లింబ్ మీది పౌండేజ్ 25 అంగుళాల రైజర్ లెక్కన రాస్తారు, 23 మీద దాదాపు రెండు పౌండ్లు పెరుగుతుంది.

బాణాలు కూడా మరిచిపోకండి. బాణం ఎంత వంగుతుందో చెప్పేది స్పైన్; ఆ అంకె పెద్దదైతే బాణం ఎక్కువ వంగుతుంది. 20 పౌండ్ల విల్లుకు 500 స్పైన్ ఇస్తే ఎంత బాగా వేసినా బాణాలు ఒకచోట గుంపుగా పడవు, పాప తప్పు తనదే అనుకుంటుంది. 1000 లేదా అంతకంటే మెత్తనివి అడగండి, డ్రా కంటే రెండంగుళాలు పొడవు ఉంచి కోయించండి. స్ట్రింగర్ లేకుండా స్ట్రింగ్ ఎక్కించకండి, లింబ్ మెలి తిరుగుతుంది. ఇంటికొచ్చిన పిల్లలెవరూ బాణం లేకుండా లాగి వదలకుండా చూడండి. లింబ్ పగిలి ముఖానికి తగలొచ్చు.

గుంటూరువాసి:
అందరికీ ధన్యవాదాలు. పాపను అడిగాను, రికర్వే అంది. కోచ్ గారికి మీ మాటలు చూపిస్తే ఒక సీనియర్ అమ్మాయి దగ్గర 23 అంగుళాల ఐఎల్‌ఎఫ్ రైజర్, 18 పౌండ్ల షార్ట్ లింబ్స్ ఉన్నాయన్నారు. ఆదివారం వెళ్లి చూస్తాం. ధర కుదరకపోతే పాతవిలుకాడు గారు చెప్పినట్టు చెక్కదే తీసుకుంటాను, కానీ 30 పౌండ్లది మాత్రం తీసుకోను.

పాతవిలుకాడు:
కోచ్‌ను వెంట తీసుకెళ్లండి. లింబ్స్ అంచుల వెంట పొరలు విడిపోయాయేమో, ఎక్కడైనా సన్న చీలిక ఉందేమో గోరుతో తడిమి చూడమనండి. స్ట్రింగ్ కట్టాక రెండు లింబ్స్ మధ్యగా వస్తోందో లేదో చూడకుండా డబ్బు చేతిలో పెట్టకండి. ఆ రెండూ బాగుంటే నా చెక్క విల్లు వాదన పక్కన పెట్టి అదే కొనండి.