అప్‌డేట్: నాన్నగారి స్టెంట్ తీసేశారు

కిడ్నీలో రాయి తీశాక నాన్నగారికి వేసిన డీజే స్టెంట్ (కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రం దిగేలా లోపల కొన్నాళ్లు ఉంచే గొట్టం) సంగతి 2020 మే నెలలో అడిగాను. లాక్‌డౌన్ కదా, ఇంకొన్నాళ్లు ఉంచొచ్చా అని. ఆగొద్దని చెప్పిన అందరికీ దండాలు.

స్టెంట్ వేసి మూడు నెలలు దాటేసరికి నాన్నగారికి చలిజ్వరం పట్టుకుంది. ఫోన్‌లో ఆ మాట వినగానే డాక్టరుగారు వెంటనే రమ్మన్నారు. ప్రోస్టేట్ ఆపరేషన్లు, నొప్పిలేని చిన్న రాళ్లు కొన్నాళ్లు ఆగొచ్చట. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, రాయి అడ్డంతో జ్వరం వచ్చినా, వృషణం మెలిపడినా కరోనా భయంతో ఇంట్లో కూర్చోకూడదన్నారు. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

యాంటీబయాటిక్స్‌తో జ్వరం తగ్గాక, కోవిడ్ టెస్ట్ నెగెటివ్ వచ్చాక తీశారు. సన్నటి గొట్టం, కొసన సున్నంలా తెల్లటి పెచ్చు. చూస్తే గుండె ఝల్లుమంది.

నిన్న రాత్రి నాన్నగారు ఒక్కసారీ లేవకుండా నిద్రపోయారు.