మెస్‌లో డివైడింగ్ ఉంచాలా, కాంట్రాక్టుకిచ్చేయాలా?

రావులపాలెం కుర్రాడు:
వచ్చే వారం మా హాస్టల్ జనరల్ బాడీ. డివైడింగ్ మెస్ కొనసాగించాలా, కాంట్రాక్టరుకిచ్చేయాలా తేల్చాలి. తెలియనివాళ్లకు: డివైడింగ్ అంటే నెల ఖర్చును అందరూ తిన్న మొత్తం రోజులతో భాగించి, ఎవరు తిన్న రోజులకు వాళ్లకు బిల్లు వేయడం. ముందే రాసిచ్చి ఊరెళ్తే ఆ రోజులకు మెస్ కట్. నా ఓటు డివైడింగ్‌కే. మధ్యలో లాభం తీసుకునేవాడుండడు, ఆదివారం చికెన్ ముక్కలు లెక్కపెట్టి వేసేవాడూ ఉండడు.

మాజీ మెస్ సెక్రటరీ:
ఆ ముక్కలు ఏడాదిపాటు లెక్కపెట్టింది నేనే తమ్ముడూ! తెల్లారుజామున నాలుగింటికి కూరగాయల మార్కెట్టు, వచ్చాక స్టోర్ తాళం తీసి బియ్యం తూయించడం, తొమ్మిదింటి క్లాసులో కునికిపాట్లు. రెండు సబ్జెక్టులు పోయాయి. అయినా "ఎంత నొక్కాడో" అన్న మాట మాత్రం తప్పలేదు. పైగా నాన్‌బోర్డర్లొకరు. రూములోనూ మెస్‌లోనూ పేరుండదు, సీనియర్ పక్కన కూర్చుని తినేసి పోతాడు. వాడి అన్నం ఖర్చు మనందరి బిల్లుల్లోనే. కాంట్రాక్టరైతే టోకెన్ లేనిదే కంచం ఇవ్వడు.

మండపేట:
టోకెన్ అడుగుతాడు సరే. ఉల్లిపాయ రేటు పెరిగిన నెల సాంబారు ఎలా ఉంటుందో కూడా చెప్పండన్నా. రేటు ముందే ఖాయం కాబట్టి వాడు తగ్గించగలిగేది గిన్నెలోదే.

చింతూరు అమ్మాయి:
మా లేడీస్ హాస్టల్లోనూ డివైడింగే. నా గొడవ వేరు. 120 మంది ఉన్నారనుకోండి. వంటవాళ్ల జీతాలు, గ్యాసు కలిపి నెలకు 90,000. సరుకులు మనిషికి రోజుకు 60. అందరూ నెలంతా తింటే రోజుకు 85 పడుతుంది. అందులో 60 మంది పదేసి రోజులు ఊరెళ్తే సరుకులు తగ్గుతాయి కానీ జీతాలు తగ్గవు. రోజుకు 90 అవుతుంది. కదలకుండా ఉన్నవాళ్ల బిల్లు 2550 నుంచి 2700కి ఎక్కుతుంది. ఎవరు వెళ్తారు? బస్సెక్కితే గంటలో ఇంటికి చేరేవాళ్లు. మాకు మారేడుమిల్లి ఘాట్ దాటి పోవాలి, వానాకాలం శబరి పొంగితే అదీ లేదు. మీ ఇంటి పెరుగన్నానికి మేం 150 కడుతున్నాం.

వాల్తేరు పాతకాపు:
అమ్మాయి అసలు ముడి పట్టుకుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరింది. మా రోజుల్లో గోదావరి జిల్లాల పిల్లలకు పీజీ అంటే అక్కడికే. ఊరు దూరం, సంక్రాంతికో వేసవికో తప్ప కదిలేవాళ్లం కాదు. అందుకే డివైడింగ్ మాకు సాగింది, నెల నెలా బిల్లులో పెద్ద తేడా ఉండేది కాదు. 2006లో రాజమండ్రిలో నన్నయ యూనివర్సిటీ వచ్చింది, చదువు ఇంటి దగ్గరకొచ్చింది, మంచిదే. కానీ శనివారం మధ్యాహ్నానికే సగం హాస్టల్ బస్టాండులో ఉంటే ఈ లెక్క నిలవదు. దానికి కాంట్రాక్టే మందు అని మాత్రం అనను.

రావులపాలెం కుర్రాడు:
నిజం చెప్పాలంటే ప్రతి శనివారం నేనూ ఆ బస్సులోనే ఉంటాను. ఈ కోణం తట్టలేదు. అయితే జీతాలు, గ్యాసు విడదీసి అందరికీ సమానంగా వేద్దామా? తలకు 750, దానిమీద తిన్న రోజుకు 60. నెలంతా ఉన్నవాళ్లకు మళ్లీ 2550, పది రోజులు వెళ్లినవాళ్లకు 1950.

మండపేట:
ఇప్పుడున్న లెక్కలో నాకు 1800 పడుతోంది. ఊళ్లో ఉన్న రోజులకు కూడా వంటమనిషి జీతం కట్టాలా?

చింతూరు అమ్మాయి:
ఊరెళ్లినా రూము అద్దె కడుతున్నారుగా.

మాజీ మెస్ సెక్రటరీ:
లెక్క బాగుంది. నాన్‌బోర్డర్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తట్లేదు. సరే, ఇదే పాస్ అయిందనుకోండి, నాలుగింటికి మార్కెట్టుకు వెళ్లేదెవరో ఆ మీటింగులోనే పేరు రాయించండి. రావులపాలెం తమ్ముడూ, నువ్వైతే బావుంటావు. శనివారాలు మానుకోవాలి మరి.