పండగ రోజు ఆట మానేయడం ఎవరికి ఎక్కువ కష్టం: గ్రీన్‌బర్గ్‌కా, కోఫాక్స్‌కా?

డిట్రాయిట్ వాసి:
బేస్‌బాల్‌లో యూదు ఆటగాళ్ళ మాట వస్తే అందరూ 1965 అక్టోబర్ 6 గురించే చెప్తారు. అది వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్, అంటే అమెరికాలోని రెండు లీగ్‌ల విజేతలు తలపడే ఫైనల్ సిరీస్‌లో మొదటిది. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు పిచర్ (బంతి విసిరేవాడు) శాండీ కోఫాక్స్ ఆ సీజన్‌లో 26 మ్యాచ్‌లు గెలిపించాడు, 382 స్ట్రైకవుట్లు తీశాడు, అంటే అన్నిసార్లు బ్యాటర్‌ని బంతి కొట్టనివ్వకుండా అవుట్ చేశాడు. అంతటివాడు ఆ రోజు యోమ్ కిప్పూర్ అని ఆడలేదు. యూదులకు ఏడాది మొత్తంలో అంతకన్నా పవిత్రమైన రోజు లేదు. ముందురోజు సాయంత్రం నుంచి మర్నాడు చీకటి పడేదాకా మంచినీళ్ళు కూడా ముట్టని ఉపవాసం ఉంటారు. పని చెయ్యరు.

కోఫాక్స్ మీద నాకు చాలా గౌరవం. కానీ అతనికన్నా 31 ఏళ్ళ ముందు మా డిట్రాయిట్‌లో హ్యాంక్ గ్రీన్‌బర్గ్ తీసుకున్న నిర్ణయమే ఎక్కువ కష్టమైనదని నా అభిప్రాయం.

1934లో అతనికి 23 ఏళ్ళు. అతని జట్టు డిట్రాయిట్ టైగర్స్ లీగ్ గెలిచి అప్పటికి పాతికేళ్ళు. సెప్టెంబర్ 10న యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా వచ్చింది. ఆడాలా వద్దా అని ఊరంతా చర్చే, పత్రికలవాళ్ళు రబ్బీలను (యూదు మతగురువులను) కూడా అడిగారు. చివరికి ఆడాడు. రెడ్‌సాక్స్ మీద 2-1తో గెలిచారు, ఆ రెండు పరుగులూ గ్రీన్‌బర్గ్ కొట్టిన రెండు హోమ్ రన్‌లే (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి). తొమ్మిది రోజుల తర్వాత, సెప్టెంబర్ 19న, యోమ్ కిప్పూర్. ఈసారి ఆడలేదు. షారీ జెడెక్ అనే సినగాగ్‌కి (యూదుల ప్రార్థనా మందిరానికి) వెళ్తే అక్కడున్నవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. మైదానంలో మాత్రం టైగర్స్ యాంకీస్ చేతిలో 5-2తో ఓడిపోయారు. ఆ ఏడాది అతను 153 మ్యాచ్‌లు ఆడాడు, మానింది ఇదొక్కటే.

పక్కనే ఉన్న డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ సొంత పత్రిక 1920లలో ఏళ్ళ తరబడి యూదుల మీద విషం కక్కింది. అలాంటి చోట ఒక కుర్రాడు నేను యూదుణ్ణి, ఈ రోజు ఆడను అనడం చిన్న విషయం కాదు.

బెజవాడ బ్యాటర్:
అన్నా, ఒప్పుకోను. సెప్టెంబర్ 19 నాటికి టైగర్స్ బాగా ముందున్నారు. చివరికి యాంకీస్ కన్నా 7 మ్యాచ్‌ల తేడాతో లీగ్ గెలిచారు. ఆ ఒక్క మ్యాచ్ పోతే పోయేది ఏమీ లేదు. పైగా రోష్ హషానా నాడు ఆడాడుగా? ఒక పండక్కి ఆడి ఇంకోదానికి మానితే దాన్ని కష్టమైన నిర్ణయం అనగలమా?

కోఫాక్స్ సంగతి చూడండి. వరల్డ్ సిరీస్‌లో మహా అయితే ఏడు మ్యాచ్‌లే, ఒక్కటి పోయినా టెన్షనే. అతని బదులు దిగిన డాన్ డ్రైస్‌డేల్ మూడో ఇన్నింగ్స్ పూర్తి కాకముందే 7 పరుగులు ఇచ్చేశాడు. మిన్నెసోటా ట్విన్స్ 8-2తో గెలిచారు. నేను కూడా యూదుణ్ణయి ఉంటే బాగుండేదని నీకిప్పుడు అనిపిస్తోంది కదా అని డ్రైస్‌డేల్ మేనేజర్ వాల్టర్ ఆల్‌స్టన్‌తో అన్నాడట. జట్టు అంత నష్టపోతుందని తెలిసీ మాట మీద నిలబడ్డాడు చూడండి, అదీ కష్టం అంటే.

పంచాంగం ప్రియుడు:
ఈ గొడవ ఎప్పుడూ సీజన్ చివర్లోనే ఎందుకు వస్తుందో చెప్తాను. యూదుల క్యాలెండర్‌లో కూడా నెలలు చంద్రుణ్ణి బట్టే నడుస్తాయి. ఋతువులతో తేడా రాకుండా 19 ఏళ్ళలో 7 అధిక మాసాలు కలుపుతారు. మనకి అధిక మాసం వేర్వేరు నెలలకు వస్తుంది, వాళ్ళకి ఎప్పుడూ అదార్ నెలకే. యోమ్ కిప్పూర్ తిష్రీ నెల పదో రోజు కాబట్టి సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్యలోపు ఎప్పుడైనా పడుతుంది. లీగ్ ఎవరిదో తేలేదీ, వరల్డ్ సిరీస్ దగ్గరపడేదీ సరిగ్గా అప్పుడే.

ఇంకో తేడా కూడా ఉంది. మనకి రోజు సూర్యోదయంతో మొదలైతే వాళ్ళకి సూర్యాస్తమయంతో మొదలవుతుంది. 1965లో వరల్డ్ సిరీస్ మ్యాచ్‌లన్నీ పగలే జరిగేవి. రాత్రి మ్యాచ్ మొదటిసారి జరిగింది 1971లో. కాబట్టి కోఫాక్స్‌కి సందు లేదు. ఇప్పుడు రాత్రి మ్యాచ్‌ల వల్ల ముందురోజు సాయంత్రమే చిక్కు వస్తోంది. 2004లో డాడ్జర్స్ ఆటగాడు షాన్ గ్రీన్ ఉపవాసం మొదలయ్యే శుక్రవారం రాత్రి జెయింట్స్ మీద ఆడాడు, గెలిపించిన హోమ్ రన్ కూడా అతనే కొట్టాడు. శనివారం మానేశాడు. దాన్ని తప్పుపట్టినవాళ్ళూ ఉన్నారు, మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు.

స్కోర్‌బుక్:
బెజవాడ బ్యాటర్ గారూ, కోఫాక్స్ వల్ల జట్టు అంత నష్టపోయిందా? లెక్క చూడండి. పిచర్ రోజూ ఆడడు. అక్టోబర్ 2న కోఫాక్స్ ఒక మ్యాచ్ మొత్తం వేసి లీగ్ గెలిపించాడు. 6న దిగితే మూడు రోజుల విశ్రాంతితో దిగినట్టు. 7న రెండో మ్యాచ్‌కి దిగాడు, అంటే ఇంకో రోజు విశ్రాంతి దొరికింది. అయినా ఆ మ్యాచ్ 5-1తో ఓడిపోయారు.

అసలు బరువు చివర్లో పడింది. 11న ఐదో మ్యాచ్ 7-0తో గెలిపించాడు. 14న ఏడో మ్యాచ్‌కి మిగిలింది రెండు రోజుల విశ్రాంతే. మొదటి మ్యాచ్ ఆడి ఉంటే వరుస 1, 4, 7 అయ్యేది, మధ్యలో మూడేసి రోజులు దొరికేవి. డ్రైస్‌డేల్‌కి మూడు రోజుల విశ్రాంతి ఉన్నా ఆల్‌స్టన్ కోఫాక్స్‌నే ఎంచుకున్నాడు. మోచేతికి ఆర్థరైటిస్, ఆ రోజు కర్వ్‌బాల్ (గాలిలో వంపు తిరిగే బంతి) పడటం లేదు. దాదాపు ఫాస్ట్‌బాల్స్ మీదే నెట్టుకొచ్చి 2-0తో గెలిపించాడు, ఇచ్చింది మూడు హిట్లే. తర్వాతి ఏడాది నవంబర్‌లో, 30 ఏళ్ళకే, ఆ మోచెయ్యి వల్లే రిటైరయ్యాడు. పండగ రోజు ఆట మానినందుకు మూల్యం జట్టు కన్నా అతని చెయ్యే ఎక్కువ కట్టిందని నేనంటాను.

బెజవాడ బ్యాటర్:
ఈ లెక్క నా మాటనే బలపరుస్తోంది కదండీ. చెయ్యి పాడవుతున్నా వెనక్కి తగ్గలేదు. పైగా 1965లో అంతా సుఖంగా ఉందనుకోకండి. మిన్నెసోటాలోని సెయింట్ పాల్ పత్రికలో ఒక కాలమిస్ట్ యూదుల తిండిని ఎత్తిపొడుస్తూ కోఫాక్స్‌కి బహిరంగ లేఖ రాశాడు.

డిట్రాయిట్ వాసి:
ఆ లేఖ రోత పుట్టించేదే, కాదనను. మూల్యం సంగతిలో స్కోర్‌బుక్ గారి లెక్కకి నా దగ్గర జవాబు లేదు. కానీ నేను అడిగింది నిర్ణయం గురించి. కోఫాక్స్ తనే చెప్పాడు, అందులో నిర్ణయించుకోవాల్సింది ఏమీ లేదని, యోమ్ కిప్పూర్ నాడు తను పని చెయ్యడని క్లబ్‌కి తెలుసని. 1965 నాటికి ఆ మాట చెప్తే అమెరికాకి అర్థమైంది. అలా అర్థమయ్యేట్టు చేసిందే గ్రీన్‌బర్గ్.

ఒక పండక్కి ఆడి ఒకదానికి మానడాన్ని మీరు చులకన చేస్తున్నారు. నాకు అందులోనే అతని నిజాయితీ కనిపిస్తుంది. అమ్మానాన్నలు రొమేనియా నుంచి వచ్చిన ఆర్థడాక్స్ యూదులు, అంటే మత నియమాలు కచ్చితంగా పాటించేవాళ్ళు. ఇంటి పద్ధతి ఒకవైపు, జట్టు ఒకవైపు లాగుతుంటే ఎక్కడ ఆగాలో అతనికి చెప్పేవాడు లేడు. ఇక్కడ అమెరికా ఆఫీసుల్లో, మూడు నెలల లెక్కలు ముగిసే క్వార్టర్ ఎండ్‌లో, వినాయక చవితికి సెలవు అడగడానికి మొహమాటపడే మనవాళ్ళకి ఆ ఇబ్బంది తెలియదా?

చేబ్రోలు రోడ్డు:
మా గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదులున్నారు. వాళ్ళూ ఈ పండగ చేసుకుంటారు. కూలి పనులకు వెళ్ళేవాళ్ళకి ఒక రోజు మానడం అంటే ఆ రోజు కూలి పోవడమే. అందుకే ఎవరి త్యాగం పెద్దదని కొలవడం నాకు నచ్చదు. 2019లో బ్రేవ్స్ పిచర్ మ్యాక్స్ ఫ్రీడ్ యోమ్ కిప్పూర్ నాడు ప్లేఆఫ్ (సీజన్ తర్వాతి నాకౌట్ దశ) మ్యాచ్‌లో దిగాడు, పరుగులిచ్చాడు, జట్టు ఓడింది. దేవుడు శిక్షించాడని కొందరు అన్నారు. ఆ మాట తప్పు. మానినవాడిని గౌరవిద్దాం, ఆడినవాడిని వదిలేద్దాం.

పంచాంగం ప్రియుడు:
ఇది నిజం. అయితే షెడ్యూలు వేసేవాళ్ళని మాత్రం వదలకూడదు. ఈ తేదీలు ఎన్నో ఏళ్ళ ముందే లెక్కకట్టి ఉంటాయి. 2026 సెప్టెంబర్‌లో మొదలయ్యే యూదు సంవత్సరంలో అధిక మాసం ఉంది, అందుకని 2027లో యోమ్ కిప్పూర్ అక్టోబర్ 11 దాకా జరుగుతుంది. సరిగ్గా ప్లేఆఫ్‌ల సమయం. యూదు ఆటగాడున్న జట్టుకి ఆ రోజు మ్యాచ్ వెయ్యకుండా లీగ్ ఇప్పుడే చూసుకోవచ్చా, లేదా? దీని మీద మీరంతా ఏమంటారు?