టవర్ లేని ఎయిర్‌పోర్ట్‌లో స్ట్రెయిట్-ఇన్ ల్యాండింగ్ బ్యాన్ చెయ్యాలా వద్దా?

బేస్‌టర్న్: మొన్న జరిగింది చెప్తా, తప్పెవరిదో మీరే తేల్చండి. చిన్న ఎయిర్‌పోర్ట్, దారి చెప్పే కంట్రోల్ టవర్ లేదు, ఎవరెక్కడున్నారో వాళ్ళే రేడియోలో చెప్పుకోవాలి. నేను ప్యాటర్న్‌లో (దిగేముందు రన్‌వే పక్కగా తిరిగే నలుచదరపు దారి) టచ్ అండ్ గోలు (దిగి ఆగకుండా మళ్ళీ లేవడం) చేసుకుంటున్నా. డౌన్‌విండ్ (రన్‌వేకి సమాంతరంగా వెళ్ళే భాగం) కాల్ ఇచ్చా, బేస్ (రన్‌వే వైపు తిరిగే అడ్డం భాగం) కాల్ ఇచ్చా, అప్పుడు ఒకాయన తీరిగ్గా "త్రీ మైల్ స్ట్రెయిట్-ఇన్ ఫైనల్" అన్నాడు, అంటే ప్యాటర్న్ తిరగకుండా మూడు మైళ్ళ నుంచి నేరుగా రన్‌వే లైన్ మీద దిగడానికి వస్తున్నాడు. కుడివైపు చూస్తే ఒక లైటు చుక్క, చూస్తుండగానే పెద్దదైపోతోంది. ఫైనల్ లైన్ దాటకుండా ఎడమకి తిప్పేసి రన్‌వే పక్కనుంచే గో అరౌండ్ (దిగకుండా మళ్ళీ పైకెళ్ళడం) కొట్టా. ఆయన దిగి పార్క్ చేసి "నేను ఫైనల్ మీదున్నా, రైట్ ఆఫ్ వే నాది, ముందు దిగే హక్కు నాదే" అన్నాడు. అందరూ ప్యాటర్న్‌లో తిరిగి దిగుతుంటే ఈయనకేంటి స్పెషల్? స్ట్రెయిట్-ఇన్ పూర్తిగా బ్యాన్ చేసి పారెయ్యాలి.

రెండింజన్లోడు: కోపం అర్థమైంది బ్రో, కానీ బ్యాన్ అంటే కుదరదు. నేను ట్విన్ (రెండింజన్ల విమానం) నడుపుతా, ఫైనల్ మీదే 110 నాట్లు (గంటకి నాటికల్ మైళ్ళు), నీ ట్రైనర్ 65. నన్ను తెచ్చి నలుగురు స్టూడెంట్ల మధ్యలో పడేస్తే ముందువాణ్ణి గుద్దకుండా డౌన్‌విండ్‌ని మైళ్ళకి మైళ్ళు సాగదీస్తా, అప్పుడు "బాంబర్ ప్యాటర్న్" అని తిట్టేదీ మీరే. ఇంకోటి, ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్ (బయట కనపడనప్పుడు పరికరాలు చూసుకుంటూ దిగడం) మీద మబ్బులోంచి బయటపడితే రన్‌వే సరిగ్గా ముక్కు ముందుంటుంది, అప్పుడు దిగకుండా తక్కువ ఎత్తులో వానలో రన్‌వే చుట్టూ చక్కర్లు కొట్టమంటావా? దానికంటే ప్రమాదం ఇంకేముంది?

పాత ఇన్‌స్ట్రక్టర్: ఇద్దరూ ఒకసారి వాట్సన్‌విల్ గుర్తు తెచ్చుకోండి. 2022 ఆగస్ట్ 18, కాలిఫోర్నియా, టవర్ లేని ఎయిర్‌పోర్ట్. సెస్నా 152 (చిన్న ట్రైనర్) ప్యాటర్న్‌లో ఉంది, సెస్నా 340 (రెండింజన్లది) స్ట్రెయిట్-ఇన్ వస్తోంది. ఇద్దరూ కాల్స్ ఇచ్చారు, ఒకరి మాట ఒకరికి వినపడే ఫ్రీక్వెన్సీలోనే ఉన్నారు. అయినా ఫైనల్ మీద గుద్దుకున్నారు, ముగ్గురు పోయారు. 340 దాదాపు 180 నాట్ల మీద వచ్చింది. అంటే నిమిషానికి 3 నాటికల్ మైళ్ళు. త్రీ మైల్ అని కాల్ ఇచ్చాక మిగిలింది ఒక్క నిమిషం. అందులో 152 వాడు ఆ మాట విని, ఎక్కడున్నాడో వెతికి, నిర్ణయం తీసుకోవాలి. అది ల్యాండింగ్ కాదయ్యా, గుడ్డెద్దు చేలో పడ్డట్టు.

పైగా 152 హై వింగ్ (రెక్క పైన ఉంటుంది), 340 లో వింగ్ (రెక్క కింద ఉంటుంది). ఫైనల్‌కి తిరిగాక కిందున్నవాడికి నెత్తిమీద తన రెక్కే అడ్డం, పైనుంచి దిగేవాడికి కింద తన రెక్కే అడ్డం. స్టూడెంట్లకి ఇది బోర్డు మీద గీసి చూపిస్తే అర్థం కాదు, రెండు బొమ్మ విమానాలు చేతిలో పట్టుకుని చూపిస్తా, అప్పుడు మొహాలు మారతాయి.

కాక్‌పిట్ కాకి: సరే బ్యాన్ చేశారు అనుకుందాం, పట్టుకునేదెవరు? టవరే లేదుగా, ఫ్యూయల్ కొట్టే కుర్రాడు వెళ్ళి ఫైన్ వేస్తాడా 😀

బేస్‌టర్న్: అయితే గురువుగారూ, రైట్ ఆఫ్ వే ఆయనదేనా?

పాత ఇన్‌స్ట్రక్టర్: అమెరికా రూల్ 91.113 ప్రకారం ఫైనల్ మీద ల్యాండింగ్‌కి వస్తున్నవాడికి మిగతావాళ్ళు దారివ్వాలి. కానీ ఎన్ని మైళ్ళ నుంచి ఫైనల్ అంటారో ఆ రూల్‌లో లేదు. పది మైళ్ళ దూరంలో లైన్ మీదకొచ్చి "ఫైనల్" అనేస్తే ఎయిర్‌పోర్ట్ తన సొంతం అనుకునేవాళ్ళు పుట్టింది అక్కడే. 2023లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఇచ్చిన 90-66సీ సర్క్యులర్ స్ట్రెయిట్-ఇన్‌ని వద్దనలేదు, ప్యాటర్న్‌లో ఉన్నవాళ్ళ ఫ్లో చెడగొట్టొద్దంది. అదీ సలహానే.

సైలెంట్ మైక్: కాల్స్ ఇచ్చాం కదా అని ధీమాగా ఉండేవాళ్ళు క్విన్సీ కథ వినాలి. 1996 నవంబర్ 19, ఇల్లినాయ్‌లోని క్విన్సీ, అక్కడా టవర్ లేదు. బీచ్ 1900 అనే ప్రయాణికుల విమానం స్ట్రెయిట్-ఇన్ వస్తూ, అడ్డంగా ఉన్న రన్‌వే మీద నిలబడ్డ కింగ్ ఎయిర్ అనే ఇంకో విమానాన్ని ఉద్దేశించి ఆగుతున్నావా అని అడిగింది. జవాబిచ్చింది కింగ్ ఎయిర్ కాదు, దాని వెనకున్న చెరోకీ అనే చిన్న విమానం. ఆ జవాబు మధ్యలో బీచ్ కాక్‌పిట్‌లో ఎత్తు చెప్పే అలారం మోగి సగం మాట మింగేసింది, వీళ్ళేమో ఆగుతానన్నది కింగ్ ఎయిరే అనుకుని దిగేశారు. కింగ్ ఎయిర్ బయల్దేరింది, రన్‌వేలు కలిసే చోట గుద్దుకున్నాయి. రెండిట్లో ఉన్న 14 మందీ చనిపోయారు.

రెండింజన్లోడు: అన్నా, అక్కడ రేడియో వినకుండా, ట్రాఫిక్ చూసుకోకుండా బయల్దేరింది కింగ్ ఎయిర్ పైలట్లు, ప్రమాదాల్ని విచారించే ఎన్‌టీఎస్‌బీ కూడా తప్పు వాళ్ళదే అంది. స్ట్రెయిట్-ఇన్ మీద తోసేస్తే ఎలా?

సైలెంట్ మైక్: తోసెయ్యట్లేదు. బీచ్ వాళ్ళు ప్యాటర్న్‌లో తిరిగి ఉంటే ఆ రన్‌వేని పక్కనుంచి ఇంకోసారి చూసే ఛాన్స్ ఉండేది అంటున్నా, అంతే.

కాక్‌పిట్ కాకి: మధ్యలో నా బాధ ఒకటి. "ఎనీ ట్రాఫిక్ ఇన్ ది ఏరియా ప్లీజ్ అడ్వైజ్" అనేవాళ్ళని ముందు బ్యాన్ చెయ్యండి. అది వాడొద్దని ఎఫ్‌ఏఏనే రాసింది, అడగ్గానే అరడజను మంది ఒకేసారి మైక్ బటన్ నొక్కుతారు, మిగిలేది కీచుమనే శబ్దం.

పాత ఇన్‌స్ట్రక్టర్: 😀 నిజమే. అసలు విషయానికొస్తే నాకు ఆస్ట్రేలియా పద్ధతి నచ్చుతుంది. స్ట్రెయిట్-ఇన్ రావచ్చు, కానీ 3 మైళ్ళ ముందే ఫైనల్‌లో కుదురుకోవాలి, సర్క్యూట్‌లో (మన ప్యాటర్నే) ఎవరున్నా దారిచ్చేది స్ట్రెయిట్-ఇన్ వాడే. మొన్న ఆ పెద్దమనిషి అక్కడ అలా మాట్లాడితే చెల్లదు.

బేస్‌టర్న్: ఇదైతే నాకు ఓకే, బ్యాన్ మాట వెనక్కి తీసుకుంటున్నా. మబ్బు పాయింట్‌కి నా దగ్గర జవాబు లేదు కూడా. కానీ ఎండ కాస్తున్న రోజు కూడా పది మైళ్ళ నుంచి గీత గీసినట్టు వచ్చేవాణ్ణి మాత్రం వదలను.

రెండింజన్లోడు: వెదర్ బాగుంటే 5 మైళ్ళ దగ్గర ఎవరైనా డౌన్‌విండ్ అనడం వింటే నేనే పక్కకి తప్పుకుని ప్యాటర్న్‌లోకి వస్తా. సరేనా?

బేస్‌టర్న్: వింటే కదా. మా దగ్గర ఒక పాత పైపర్ కబ్ ఉంది, దానికి రేడియో లేదు, కరెంట్ సిస్టమే లేదు కాబట్టి ఏడీఎస్-బీ (తానెక్కడుందో ప్రసారం చేసే పరికరం) కూడా లేదు, నీ ఐప్యాడ్‌లో కనపడదు. రోజూ సాయంత్రం ఎగురుతుంది, పూర్తిగా లీగలే. దాన్ని 5 మైళ్ళ దగ్గర ఎలా వింటావ్?

రెండింజన్లోడు: ఏ రంగు?

బేస్‌టర్న్: పసుపు. సాయంత్రం ఎండలో, కింద ఎండిన గడ్డి మీద.