డబ్బు ముందు దేనికి పెట్టాలి: కొలిచి చేయించిన గోల్ఫ్ క్లబ్బులకా, కోచ్‌కా?

బరంపురం సిల్క్

అందరికీ నమస్కారం. మాకు బరంపురంలో పట్టుచీరల షాపు ఉంది. గోల్ఫ్ మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. మన వైపు వాళ్లకు ఆడాలంటే అటు భువనేశ్వర్, ఇటు విశాఖ. షాపు సెలవున్న రోజు చీకటితోనే బయల్దేరితే తప్ప కుదరదు. మిగతా రోజులు మేడ మీద వల కట్టుకుని కొట్టుకోవడమే.

నా దగ్గరున్న క్లబ్బుల (బంతి కొట్టే కర్రల) సెట్టు మా మేనమామ ఆడి వదిలేసింది. ఆయన ఐదడుగుల నాలుగంగుళాల మనిషి, నేను ఆరడుగుల పైన ఒక అంగుళం. దూరం కొట్టే పెద్ద క్లబ్, డ్రైవర్‌తో కొడితే బంతి ఎడమకు బయల్దేరి కుడికి వంగి చెట్లలో పడుతుంది. లోహపు పలక తల ఉండే ఐరన్లతో వంపు ఉండదు, కానీ బంతి తిన్నగా కుడికే పోతుంది. మొన్న ఒక షాపులో మెషిన్ ముందు కాసిని బంతులు కొట్టించి, "మీ కొలతలకు కొత్త సెట్టు చేయించుకోవడం తప్ప దారి లేదు" అన్నారు. వాళ్లు వేసిచ్చిన లెక్క లక్ష దాటింది. ఆ డబ్బుతో కోచ్ దగ్గర చాలా క్లాసులు వస్తాయి. రెండూ ఒకేసారి నావల్ల కాదు. ఏది ముందు? మొహమాటం లేకుండా చెప్పండి.

పర్లాకిమిడి పెద్దాయన

కోచే ముందు బాబూ. ఇందులో ఊగిసలాడాల్సిందేమీ లేదు.

ఉద్యోగం చేసిన రోజుల్లో విశాఖలో ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్‌లో ఏళ్ల తరబడి ఆడాను. ఏటా కొత్త డ్రైవర్ కొనేవాళ్లను చూశాను. క్లబ్ మారేది, బంతి మాత్రం ఆ చెట్లలోకే పోయేది. నీ డ్రైవర్ బంతి ఎడమకు మొదలై కుడికి తిరుగుతోందంటే, క్లబ్ బయటి నుంచి లోపలికి కోసుకుంటూ వస్తోంది, ఫేస్ (క్లబ్ తలలో బంతికి తగిలే ముఖం) ఆ దారికి కుడివైపు తెరుచుకుని ఉంటోంది. బంతి ఎటు బయల్దేరుతుందనేది చాలావరకు ఫేస్ చూసే దిక్కును బట్టి ఉంటుంది. ఎటు వంగుతుందనేది ఫేస్‌కూ స్వింగ్ దారికీ మధ్య తేడాను బట్టి ఉంటుంది. బంతినీ క్లబ్బునూ కొలిచే రాడార్ మెషిన్లు వచ్చాక ఇది అనుమానం లేకుండా తేలిపోయింది. ఆ తేడా నీ పట్టులోనూ నీ భుజాల్లోనూ ఉంది. దాన్ని షాఫ్ట్ (క్లబ్ కాడ) మార్చి ఎవరూ తీసేయలేరు.

ఇంకో సంగతి. ఇవాళ్టి స్వింగ్‌కు క్లబ్బులు కొలిపించి, ఆరు నెలల తర్వాత కోచ్ ఆ స్వింగ్‌నే మారిస్తే, ఆ కొలతలు ఎందుకు పనికొస్తాయి? కోచ్ అంటే క్లబ్‌లో బాగా ఆడే మనిషి అని మాత్రం అనుకోకు. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ కింద నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా ఉంది. అది కోచ్‌లకు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తుంది. డబ్బు కట్టే ముందు ఆ సర్టిఫికెట్ ఉందేమో అడుగు.

సునాబేడ లేత్

పెద్దాయన గారూ, డ్రైవర్ గురించి మీరన్నది అక్షరాలా నిజం. ఐరన్ల దగ్గర మాత్రం మీతో ఏకీభవించను. వంపు లేకుండా తిన్నగా కుడికి పోయే బంతికి స్వింగే కారణమని చూడకుండా ఎలా తేలుస్తాం?

నేను మెషిన్ షాపులో పనిచేసేవాణ్ణి, కొలత తీయకుండా మాట్లాడటం నాకు రాదు. ఐరన్‌కు లై యాంగిల్ అని ఒకటుంటుంది. క్లబ్ తల అడుగు నేలకు సమంగా ఆనినప్పుడు షాఫ్ట్ నేలతో చేసే కోణం అది. పొడుగు మనిషి పొట్టి మనిషి క్లబ్ పట్టుకుంటే చేతులు ఎత్తులో ఉంటాయి, క్లబ్ హీల్ (తలలో షాఫ్ట్ వైపు కొస) లేచి టో (అవతలి కొస) వైపు నేలలో దిగుతుంది. అప్పుడు ఫేస్ చూపు కుడికి తిరుగుతుంది. మనిషి ఎంత చక్కగా కొట్టినా బంతి కుడికే. లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) ఎంత ఎక్కువుంటే ఈ తేడా అంత ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే డ్రైవర్‌లో దీని ప్రభావం తక్కువ, దగ్గర షాట్లకు వాడే వెడ్జ్‌లో ఎక్కువ.

ఇదేమీ షాపులవాళ్లు అమ్మకం కోసం కొత్తగా పుట్టించిన మాట కాదు. గోల్ఫ్ క్లబ్బులు చేసే పింగ్ కంపెనీ పెట్టిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ స్వతహాగా ఇంజనీరు. మనిషి ఎత్తు, మణికట్టు నుంచి నేలకు ఉన్న దూరం, ఈ రెండూ చూసి ఎవరికి ఏ లై కావాలో రంగు చుక్కలతో చూపే పద్ధతి ఆ కంపెనీ 1972లోనే తెచ్చింది. నల్ల చుక్క ఉంటే మామూలు కొలత.

సిల్క్ గారూ, పైసా ఖర్చు లేకుండా మూడు పనులు చేయండి. ఒకటి, సెవెన్ ఐరన్ తిరగేసి అడుగు చూడండి. అరుగుదల మధ్యలో ఉందా, టో వైపు ఉందా? రెండు, బంతి మీద మార్కర్‌తో లావుగా ఒక గీత గీసి, అది నిలువుగా ఫేస్ వైపు ఉండేలా పెట్టి కొట్టండి. ఫేస్ మీద ముద్ర పడుతుంది. అది నిటారుగా ఉంటే లై సరిపోయినట్టే, ఒక పక్కకు వాలితే తేడా ఉన్నట్టే. మూడు, ఈసారి కోర్సుకు వెళ్లినప్పుడు లాఫ్ట్ తక్కువున్న ఫైవ్ ఐరన్ ఎంత కుడికి పోతోందో, లాఫ్ట్ ఎక్కువున్న పిచింగ్ వెడ్జ్ ఎంత పోతోందో పక్కపక్కన చూడండి. ఇవి తేలకుండా కోచ్ దగ్గరకు వెళ్లడమంటే బిగుతు జోళ్లతో నడక నేర్చుకోవడమే.

గోపాలపురం గాలి

ఈ కొలతలన్నీ దేనికండీ? మన గోల్ఫర్ చౌరాసియా వాళ్ల నాన్న రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గ్రీన్లు (గుంట చుట్టూ ఉండే పొట్టి గడ్డి) చూసుకునే మనిషి. ఆ కుర్రాడు అక్కడే చూసి చూసి నేర్చుకుని 2016లో, 2017లో వరసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఢిల్లీలో కేడీగా (ఆటగాళ్ల బ్యాగు మోసేవాడిగా) మొదలైన అలీ షేర్ 1991లో అదే టోర్నమెంట్ గెలిచాడు. అది గెలిచిన మొదటి భారతీయుడు ఆయనే. వాళ్లకు ఎవరు ఫిట్టింగ్ చేశారు? పార్ 72 కోర్సులో, అంటే 72 దెబ్బల్లో ముగించాల్సిన చోట, లెక్క ప్రకారం 36 పట్లు (గ్రీన్ మీద బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బలు), ఆటలో సగం. లక్ష రూపాయలు జేబులోనే ఉంచుకుని ఇంట్లో తివాచీ మీద పట్టింగ్ చేయండి, స్కోరు తగ్గుతుంది.

ఒక్క ఖర్చు మాత్రం చేయండి. మేనమామ గారి సెట్టు అంటున్నారు కాబట్టి గ్రిప్పులు (చేత్తో పట్టుకునే చోట రబ్బరు తొడుగులు) పాతవే అయ్యుంటాయి. మన సముద్రపు ఉప్పగాలికి, ఉక్కకు, చేతి చెమటకు రబ్బరు గట్టిపడి నున్నగా అయిపోతుంది. జారే గ్రిప్‌ను మనిషి తెలియకుండానే బిగించి పట్టుకుంటాడు. ముందు గోరువెచ్చటి నీళ్లలో కాస్త గిన్నెలు తోమే సబ్బు వేసి రుద్ది చూడండి. అప్పటికీ జారితే మార్పించండి.

పర్లాకిమిడి పెద్దాయన

గ్రిప్ మాట బంగారం. నేనే ముందు చెప్పాల్సింది.

చౌరాసియా, అలీ షేర్ గురించి మాత్రం తమ్ముడూ, ఆ పోలిక ఈ బాబుకు అన్యాయం చేస్తుంది. వాళ్లు చిన్నతనం నుంచీ గడ్డి మీదే పెరిగారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచి ఆటగాళ్ల చేతులు చూస్తూ ఉన్నారు, వాళ్లకదే కోచింగ్. వారానికోసారి రైలో కారో ఎక్కి వెళ్లే మనిషికి ఆ చదువు ఎక్కడ దొరుకుతుంది? దొరకదు గనుకనే కోచ్ కావాలంటున్నాను.

పట్టింగ్ లెక్క కూడా పైకి కనిపించినంత సులువు కాదు. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ అమెరికా ప్రొఫెషనల్ టూర్‌లో ఆడిన షాట్లన్నీ ముందేసుకుని లెక్క కట్టాడు. బాగా ఆడేవాడికీ మామూలుగా ఆడేవాడికీ మధ్య తేడాలో మూడింట రెండు వంతులు వంద గజాల అవతల కొట్టే షాట్లలోనే వస్తోందని తేల్చాడు. 36 పట్లలో చాలావరకు ఎవరైనా వేయగలిగే పొట్టివే. ఈ బాబు స్కోరు పోతున్నది చెట్లలో.

ఛత్రపురం అమ్మ

పెద్దవాళ్ల సంగతి మీరు తేల్చుకోండి. పిల్లల గురించి ఎవరూ అనలేదు కాబట్టి నేను చెబుతాను, ఎందుకంటే ఇది చదివే తల్లిదండ్రులు ఉంటారు.

మా పాప సెలవుల్లో భువనేశ్వర్‌లో మా అక్క ఇంట్లో ఉండి నేర్చుకుంటోంది. మొదట్లో ఇంట్లో వాళ్లు పాత ఐరన్ ఒకటి సగానికి కోయించి చేతికిచ్చారు. మన వైపు ఇది మామూలే, ఎదిగే పిల్లకు కొత్తది ఎందుకని. పెద్దవాళ్ల షాఫ్ట్ కోస్తే అది ఇంకా బిర్రుగా అవుతుంది. తల బరువు మాత్రం అంతే ఉంటుంది. పాప దాన్ని చేతులతో తిప్పలేక నడుం వెనక్కి వంచి, ఒళ్లంతా ఊపి లేపేది. కోచ్ గారు వరసగా క్లాసుల్లో ఆ నడుం వంపు మీదే పనిచేశారు. పోలేదు. ఒకరోజు ప్రాక్టీస్ చేసే రేంజ్‌లో వేరే పిల్ల తేలిక క్లబ్ చేతికిస్తే, ఎవరూ ఏమీ చెప్పకుండానే నడుం నిటారుగా నిలబడింది. నా కళ్లతో చూశాను. పిల్లల క్లబ్బులు ఎత్తును బట్టి వస్తాయి. యూఎస్ కిడ్స్ కంపెనీ వాళ్లు ప్రతి మూడంగుళాల ఎత్తుకూ ఒక సైజు చేస్తారు. ఎదిగాక ఇంకో పిల్లకు అమ్మేయొచ్చు.

అలాగని కోచ్ అక్కర్లేదని నేననను. కోచ్ గారు ఒడియాలో చెప్పింది పాప రాత్రి ఫోన్‌లో నాకు తెలుగులో చెబుతుంది. బొటనవేలు ఎక్కడ పెట్టాలో, ఎందుకు పెట్టాలో దాని నోటితో అది వివరించినప్పుడు, నేర్చుకుందని నాకు నమ్మకం కలుగుతుంది. ఆ వివరం ఏ షాపులో దొరుకుతుంది?

సునాబేడ లేత్

అమ్మా, నేను ఇంతసేపూ చెప్పాలనుకున్నది మీ పాప నడుం చెప్పేసింది. మనిషి ఒళ్లు చేతిలో ఉన్న పనిముట్టుకు తగ్గట్టు సర్దుకుంటుంది. కోచ్ ఆ సర్దుబాటును తప్పుగా చూసి దిద్దుతూ పోతే కాలమూ డబ్బూ రెండూ పోతాయి. కొత్తది కొనమని నేననడం లేదు. కొలవమంటున్నాను. కొలత వేరు, కొనుగోలు వేరు. షాపు వాళ్లు ఈ రెండిటినీ కలిపి అమ్ముతున్నారు, నా కోపమంతా అక్కడే.

బరంపురం సిల్క్

అందరికీ కృతజ్ఞతలు. లేత్ గారు చెప్పినవి చేశాను. సెవెన్ ఐరన్ అడుగున టో వైపు మూడో వంతు అద్దంలా మెరుస్తోంది. హీల్ వైపు కంపెనీ గీతలు ఇంకా కొత్తగానే ఉన్నాయి. మార్కర్ గీత వాలి పడుతోంది, ఎన్నిసార్లు కొట్టినా ఒకే పక్కకు. విశాఖలో ఫైవ్ ఐరన్ కొంచెం కుడికి, పిచింగ్ వెడ్జ్ బాగా కుడికి పోయాయి. గ్రిప్పులు సబ్బుతో కడిగితే కాస్త నయం గానీ మార్పించాల్సిందే.

టో వైపు ఉన్న అరుగుదల మామయ్యది కావడానికి వీల్లేదు కదా? ఆయన పొట్టి. మరి ఇప్పుడు ఐరన్లు వంచి లై మార్చవచ్చంటారా, లేక ముందు కోచ్‌కు చూపించనా?

సునాబేడ లేత్

ఆ మెరుపు మీ రెండేళ్లదే అయ్యుంటుంది, మేడ మీద చాప మీద కొట్టడం వల్ల ఇంకా త్వరగా వచ్చింది. వంచవచ్చు, కానీ లోహం ఏదో చూడాలి. ఫోర్జ్ చేసిన మెత్తటి ఇనుమైతే రెండు డిగ్రీల దాకా హాయిగా వంగుతుంది. పోతపోసిన స్టెయిన్‌లెస్ స్టీల్ మొండికేస్తుంది, బలవంతపెడితే మెడ దగ్గర విరుగుతుంది. ఊళ్లో వెల్డింగ్ షాపులో వైస్‌కు బిగించి వంచనివ్వకండి, దీనికి కోణం చూపించే ప్రత్యేకమైన మెషిన్ ఉంటుంది. షాఫ్ట్‌కు అర అంగుళం పొడిగింపు వేసినా మీకు కొంత మేలు జరుగుతుంది, కాకపోతే తల కాస్త బరువుగా తోస్తుంది. ఈ రెండూ కలిపినా కొత్త సెట్టు ఖర్చులో చిన్న ముక్క.

పర్లాకిమిడి పెద్దాయన

ఐరన్ల విషయంలో లేత్ గారి పరీక్ష ఫలితం కళ్ల ముందుంది, కాదనను. అయినా నా మాట నాదే: ఆరడుగుల మనిషివి, క్లబ్ పొట్టిదని అలవాటు మీద మోకాళ్లూ నడుమూ ఎంత వంచి నిలబడుతున్నావో ముందు కోచ్ చూడాలి. నిలబడే తీరు మారితే చేతుల ఎత్తు మారుతుంది, దాంతో కావాల్సిన లై కూడా మారుతుంది. ఒక్క క్లాసుకు వెళ్లి నిలబడటం సరిచేయించుకో. ఆ నిలబడటంతోనే మార్కర్ పరీక్ష మళ్లీ చేసి, అప్పుడు వచ్చిన కొలతకు వంచించు. గ్రిప్పులు మాత్రం ఇవాళే మార్పించు.

కోచ్‌ను వారం వారం కలవలేవు కాబట్టి మధ్యలో వీడియోలు పంపించు. ఫోన్ స్లో మోషన్‌లో పెట్టి రెండు చోట్ల నుంచి తీయి. ఒకటి నీ వీపు వెనక కాదు, బంతి వెళ్లే దిక్కుకు వెనక, చేతుల ఎత్తులో, ఆ దిక్కుకు సూటిగా, నీ చేతుల వరసలో. రెండోది నీకు ఎదురుగా, ఛాతీకి తిన్నగా. ఫోన్ ఒక అడుగు పక్కకు జరిగినా స్వింగ్ దారి లేని వంకరతో కనిపిస్తుంది. అందుకని మేడ మీద ట్రైపాడ్ కాళ్లు పెట్టే చోట సున్నంతో గుర్తు పెట్టుకో, ప్రతిసారీ అక్కడే పెట్టు. డ్రైవర్‌వి, సెవెన్ ఐరన్‌వి వేరువేరుగా పంపు, నీ రెండు జబ్బులకూ కారణాలు వేరు.